టికెట్ పేజీలో దొంగ లైను

టాంజీర్ పోర్టు ఇంజనీరు మునీర్‌ను విదేశీ ముఠా కాల్చి చంపి మూడు వారాలైంది. పోర్టు ప్రాక్సీ సర్వర్‌లో వాళ్ళు దాచిన ప్రోగ్రాంను చూడటం అతని నేరం.

“పోర్టు వైఫైలో ఎవరు ఏ పేజీ అడిగినా ప్రాక్సీకి వెళ్తుంది. ప్రాక్సీ ఆ పేజీని ప్రోగ్రాంకి ఇస్తుంది. ప్రోగ్రాం మార్చి పంపుతుంది,” అన్నాడు రహస్య పోలీసు చీఫ్ సీ లర్బీ. “ఇవాళ ఐదింటికి ఓడ రేవు నంబరు వేస్తారు. అప్పుడు మునీర్ పెళ్ళాం రహ్మా టికెట్ పేజీ తెరుస్తుంది. ఓడ ఒకటో రేవులో ఉంటే పేజీ నాలుగంటుంది. నాలుగులో హంతకులు.”

“ఆవిడకి చెప్పెయ్యొచ్చుగా సర్?” అన్నాడు ఏజెంట్ అయ్యాద్.

“ఎక్కడుందో చెప్పదు. మొగుడి సాక్ష్యం పట్టుకుని సముద్రానికి అవతలి ఒడ్డు కోర్టుకి పోతానంది. ఆగమంటే నన్నే తిట్టి ఫోన్ పెట్టేసింది. పోర్టులో మునీర్ పక్కనే పనిచేసిన మన ఏజెంట్ కెంజాని తీసుకెళ్ళు. వారంగా తెత్వాన్‌లో తల్లి దగ్గర ఉపవాసాలుంటోంది. పిలిపించాను.”

నాలుగూ యాభైకి ఇద్దరూ కేబుల్ పనివాళ్ళ వేషంలో సర్వర్ గదిలో ఉన్నారు. కెంజా వేళ్ళు కీబోర్డు మీద పరుగెడుతున్నాయి. ఆమె వాచీలో అయిదూ యాభై.

“వాచీ తిప్పుకోలేదేం, కెంజా లల్లా?”

“ఎందుకు తిప్పాలి తమ్ముడూ?”

రంజాన్ కోసం దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పి పది రోజులైంది. ఉపవాసముండి పొద్దు గుంకే నిమిషం కోసం కాచుకునే మనిషి అది మర్చిపోదు. కెంజా తెత్వాన్‌లో లేదు. దేశంలోనే లేదు. ఆ వాచీలో టైం అవతలి ఒడ్డుది, ముఠా ఉండే చోటిది.

అతని చూపు ఆమెకు అర్థమైంది. లిప్‌స్టిక్ తీసింది. అది పిస్టల్. పేలేలోపే అయ్యాద్ టూల్‌బాక్స్‌తో ఆమె చేతి మీద కొట్టాడు. బేడీ వేసి సర్వర్ ర్యాక్‌కు తగిలించాడు.

“మునీర్ నీ పక్క సీట్లోనే కూర్చునేవాడు కదే!”

“టైం చూసుకో, పిచ్చోడా.”

ఐదుకు నిమిషం ఉంది. ప్రోగ్రాంలో రెండు ఆజ్ఞలున్నాయి. రహ్మా టికెట్‌లో రేవు నంబరు మార్చడం ఒకటి. ముఠావాళ్ళ మూడు ఫోన్లకు మాత్రం పేజీ అడుగున ఒక లైను చేర్చడం రెండోది: ‘నాలుగో రేవులో ఉండండి.’

మొదటిది చెరిపేశాడు. రెండోదానిలో నాలుగు తీసి తొమ్మిది పెట్టాడు. సేవ్ నొక్కేసరికి ఐదుకు రెండు సెకన్లుంది.

రహ్మా పేజీ అడిగింది. ఆమె ఫోన్‌కి ఒకటో రేవు అనే వెళ్ళింది.

“అవతలి ఒడ్డున దిగినా చంపుతాం,” అంది కెంజా.

“చంపండి చూద్దాం. ముందు కోర్టులో ఆవిడ మాట వినండి.”

కాసేపటికి ఓడ కూత వినిపించింది. వెంటనే చీఫ్ ఫోన్.

“రహ్మా ఎక్కేసింది. తొమ్మిదో రేవు కస్టమ్స్ పోలీసులదిరా! ముగ్గురు తుపాకులు దాచుకుని వచ్చి, ఓడ ఎప్పుడొస్తుందని అక్కడి సార్జెంటునే అడుగుతున్నారు.”

“వచ్చేసింది, పోలీసు వ్యానెక్కమనండి సర్.”