లోడు తగ్గించిన జ్ఞానేశ్వరి

జ్ఞానేశ్వరి చెంబుతో కూలర్లోంచి నీళ్లు తోడి వాకిట్లో పోస్తోంది. ఎండ మండిపోతోంది. పోసిన నీళ్లు పోసినట్టే ఇంకిపోతున్నాయి.

"ఏం జేస్తున్నవే? పొద్దున్నే గద నింపిన!" అంటూ వాళ్లమ్మ సులోచన వంటింట్లోంచి వచ్చింది.

"లోడు తగ్గిస్తున్ననమ్మా," అంది జ్ఞానేశ్వరి, చాలా పెద్ద పనిలో ఉన్నట్టు.

ఏసీ అనే మాట సిద్దిపేటలో మా సందులోకి ఇంకా రాని రోజులవి. కూలరే మాకు గొప్ప. రేకు డబ్బా, మూడు పక్కలా గడ్డి, లోపల పెద్ద ఫ్యాను, అడుగునున్న నీళ్లను గడ్డి మీదికి ఎక్కించే చిన్న పంపు. ఆ తడి గడ్డి వాసన ఎక్కడైనా తగిలితే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

సందులో మొదటి కూలర్ జ్ఞానేశ్వరి వాళ్లదే. వాళ్ల బాపు రాధాకిషన్‌ గారికి గిన్నెల దుకాణం ఉండేది. సాయంత్రమైతే పిల్లలమంతా ఆ కూలర్ ముందు చేరేవాళ్లం. జ్ఞానేశ్వరి దర్జా అప్పుడు చూడాలి!

తర్వాత రామేశ్వర్ వాళ్లు ఒకటి కొన్నారు. నాగేశం కాక ఇంకొకటి కొన్నాడు. ఇక పొద్దుగూకగానే మూడు కూలర్లూ, అందరి టీవీలూ ఒక్కసారే మొదలయ్యేవి. బల్బులు ఎర్రగా మిణుకుమిణుకుమనేవి. ఒక్కోరోజు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టప్‌మని ఫ్యూజు పోయేది.

ముందురోజు కూడా అట్లాగే పోయింది. లైన్‌మన్ సిద్ధయ్య వచ్చి ఫ్యూజు వేశాడు. "కూలర్ల లోడు జెర తగ్గించుకోండ్రి. లేకుంటే రోజు గిదే కథ," అని సైకిలెక్కి పోయాడు.

లోడు అంటే జ్ఞానేశ్వరికి తెలియదా ఏంటి! హైదరాబాద్ నుంచి లారీలో గిన్నెలొస్తే "లోడొచ్చింది" అంటాడు బాపు. లోడంటే బరువు. మరి కూలర్లో బరువేది? నీళ్లే కదా!

అంత ఆత్రం ఎందుకంటే, పక్కనున్న రేకుల ఇంట్లో బాలవ్వ కూతురు కాన్పుకు వచ్చి ఉంది. పుట్టిన పసిపాపకు ఒళ్లంతా చెమటకాయలు. వాళ్లకున్నది ఒక్క టేబుల్ ఫ్యాను. ముందురోజు కరెంటు పోయినప్పుడు ఆ పాప ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. గోడ ఇవతల జ్ఞానేశ్వరికి అన్నం సహించలేదు.

ఆ సాయంత్రం అందరం కూలర్ ముందు కూర్చున్నాం. అడుగున ఉన్న కాసిని నీళ్లు పైకి ఎక్కలేదు. గడ్డి ఎండిపోయి వేడిగాలి కొట్టింది.

"గిదేం కూలరే? పొయ్యి కాడ కూసున్నట్టున్నది!" అన్నాడు రామేశ్వర్. మేం పడీపడీ నవ్వాం.

బల్బు మాత్రం ఎప్పటిలాగే ఎర్రబడింది. గోడ అవతల ఫ్యాను చప్పుడు సన్నబడింది. పాప ఏడుపు మొదలైంది.

"బాపూ, నీళ్లు తీసేసిన గద! లోడు ఎందుకు తగ్గలేదు?" అంది జ్ఞానేశ్వరి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

రాధాకిషన్ గారు నవ్వాపుకోలేకపోయారు. "లోడంటే నీళ్లు గాదు బిడ్డా. అందరం ఒక్కసారే కరెంటు గుంజుడు."

ఆ మాట ఆమెకు సగమే అర్థమైంది. బకెట్టు తీసుకుని, మళ్లీ కూలర్ నింపడానికి పెరట్లోకి పోయింది. నల్లా తిప్పితే నీళ్లు ధారగా పడ్డాయి. ఇంతలో వంటింట్లో అమ్మ నల్లా తిప్పింది. ధార సన్నబడింది. బాపు కాళ్లు కడుక్కోవడానికి ఇంకో నల్లా విప్పాడు. ఇక్కడ బొట్టుబొట్టుగా కారింది.

"నల్లలు బందు చెయ్యిండ్రి! నాకు వస్తలేవు!" అని అరిచింది.

అరిచి, అట్లాగే నిలబడిపోయింది. గోడ అవతల పాప ఇంకా ఏడుస్తోంది.

బకెట్టు అక్కడే వదిలేసి లోపలికొచ్చింది. మా అందరి ముందే కూలర్ స్విచ్చి ఆపేసింది.

"ఏయ్, ఏందే!" అని అరిచాం మేం.

"టీవీలు బందయినంక ఏస్తా. అప్పటిదాంక బాలవ్వ ఫ్యాను తిరగాలె," అంది. రామేశ్వర్‌ను చెయ్యి పట్టి లేపింది. "మీ ఇంటికి పోదాం పా."

రామేశ్వర్ వాళ్లమ్మ వెంటనే ఒప్పుకుంది. నాగేశం కాక మాత్రం గుర్రుమన్నాడు. "కొన్నది బందు పెట్టనీకానే? ముందుగాల మీది బందు చెయ్యి, పో!"

"మాది బందు చేసే వచ్చిన కాకా."

కాక ఆమె వైపు చూశాడు. చెమటకు జుట్టంతా నుదుటికి అతుక్కుపోయి ఉంది. పాప ఏడుపు అక్కడికీ వినిపిస్తోంది. లేచి స్విచ్చి ఆపాడు.

సందులో బల్బులన్నీ ఒక్కసారిగా తెల్లబడ్డాయి. బాలవ్వ ఇంట్లో ఫ్యాను గరగరమని అందుకుంది. కాసేపటికి ఏడుపు ఆగింది. మేం వాకిట్లోనే ఉక్కపోతలో కూర్చున్నాం. అయినా ఆ సాయంత్రం ఎంత బాగుందో! ఇప్పుడు ఏసీ గదిలో కూర్చున్నా నాకు అదే గుర్తొస్తుంది.

బాలవ్వ గుమ్మంలోకొచ్చి, "పండుకున్నది బిడ్డా," అంది.

మర్నాడు పొద్దుగూకకముందే జ్ఞానేశ్వరి కూలర్ ఆపేసింది. రామేశ్వర్ ఇంటికి, నాగేశం కాక ఇంటికి పోయి గుర్తుచేసింది. ఆ తర్వాత మా ఇంటి తలుపు తట్టింది.

"మాకు కూలర్ లేదు గదనే!" అన్నాను.

"తెలుసు తీ," అంది గుసగుసగా. "టీవీ సప్పుడు జెర తగ్గించుండ్రి. పాప పండుకునే యాళ్లయింది."