మగ్గం చప్పుడు

బావిలోంచి నీళ్ళు చేదుతున్న శంకరమ్మ చెయ్యి చేంతాడు మీదే ఆగిపోయింది. ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపిస్తోంది. ఎక్కడా ఆగకుండా, తడబడకుండా చక్కగా వినిపిస్తోంది. నేతగాడి పెళ్ళాం సంతోషించాల్సిన చప్పుడే అది. శంకరమ్మకు మాత్రం గుండె జారిపోయింది.

ఏడు రోజులుగా ఆమె భర్త మార్కండేయ కల్లు ముట్టలేదు. మానిన నాటి నుంచి చేతులు ఒకటే వణుకు. పోగును అటూ ఇటూ నడిపే నాడెను నాలుగుసార్లు విసిరితే రెండు పోగులు తెగేవి, అతకబోతే చేతికి చిక్కేవి కావు. మగ్గం ఆగి ఆగి నడిచేది. నిన్న పొద్దుగూకేదాకా అలా ఉన్నవాడికి తెల్లారేసరికి ఇంత నిలకడ ఎక్కడిది? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను మగ్గమే పట్టిచ్చింది.

బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి వచ్చింది. మగ్గం పక్కన అత్త వెంకటవ్వ నూలు కండెలు చుడుతోంది. ఆమె పక్కన ఎన్నడూ లేనిది ఒక గంప బోర్లించి ఉంది.

"గంపకింద ఏమున్నది అత్తా?"

"ఏముంటది? కండెలు."

శంకరమ్మ గంప లేపింది. కింద ఒక ముంత ఉంది, దాని అడుగున ఈతకల్లు నురుగు ఇంకా ఆరలేదు. మార్కండేయ నాడె చేతిలో పట్టుకుని తల దించుకున్నాడు.

"ఏడు రోజులు అత్తా. నీ కొడుకు ఏడు రోజులు పండ్లు బిగవట్టుకొని ఉన్నడు."

"వాని చేతులు వణుకుతుంటే సూడలేకపోయిన" అంది వెంకటవ్వ. "జరంత పోస్తే నిలిచినయి. గదే మందు. ఆర్నెల్లప్పుడు వీనికి తట్టు లేస్తే, పాలు కడుపుల నిలువకపోతే, ఉగ్గుగిన్నెతోని ఈతకల్లు పోసే బతికిచ్చుకున్న. నిన్నగాక మొన్న వచ్చినదానివి, నాకు చెప్తవా?"

"మామకు గూడ మందే పోసినవా?"

అనేసి శంకరమ్మే నాలుక కరుచుకుంది. మామ రాజనర్సు తాగి తాగి కడుపుబ్బి పోయి ఆరేళ్ళయింది. వెంకటవ్వ చేతిలో కండె కింద పడింది. తీసుకోలేదు.

ఈ కల్లు మానే సంగతి ఇంట్లోకి తెచ్చింది శంకరమ్మే. నెల కింద చీర కొనడానికి వచ్చిన జ్ఞానమ్మ, మాటల్లో తన మొగుడు మోషే గురించి చెప్పింది. బోధన్‌లో కొత్తగా పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరకు దించుతాడు మోషే. ఒకప్పుడు ఒళ్ళు తెలీకుండా బండి కిందే నిద్రపోయిన తాగుబోతు. ఇప్పుడు ప్రతి బేస్తారం, అంటే గురువారం, సాయంత్రం అతని వాకిట్లో, తాగుడు మానిన వాళ్ళంతా కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుంటారు. శంకరమ్మ చెరకు బండ్ల వెంట నడిచి, నలుగురిని అడిగి ఆ వాకిలి కనుక్కుంది. పోయిన బేస్తారం భర్తను తీసుకుపోయింది. కిరస్తానోళ్ళ వాకిట్ల కూసుంటే కులంల ఏమంటరని వెంకటవ్వ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఇవాళ మళ్ళీ బేస్తారం.

"నేను రాను" అన్నాడు మార్కండేయ. "అందరి ముందట నిలబడి, మానేసి ఎన్ని రోజులైనయో చెప్పాలె. ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె?"

"ఉన్న మొఖంతోనే" అంది శంకరమ్మ. "పడ్డనాడే రావాలె అన్నడు మోషన్న. నువ్వు ఇనలేదా?"

సాయంత్రం మోషే వాకిట్లో చాప మీద ఏడుగురు కూర్చున్నారు. వరుస తనదాకా వచ్చేసరికి మార్కండేయ లేచాడు.

"ఏడు రోజులు ముట్టలే. ఇయ్యాల పొద్దుగాల తాగిన. నా రోజులన్నీ పోయినయి."

"వాడు తాగలే. నేను తాపిన."

అందరూ తలలు తిప్పారు. కొంగు తలమీదికి లాక్కుని వెంకటవ్వ దడి దగ్గర నిలబడి ఉంది. కొడుకూ కోడలూ బయల్దేరాక, వాళ్ళకు కనపడకుండా వెనకే వచ్చింది.

"వీని బాపుకు గిట్లనే పోసిన. వణుకు తగ్గుతదని రోజూ పోసిన. ఆఖరు పొద్దు గూడ గీ చేతితోనే పోసిన." తన రెండు చేతులూ చూసుకుంది. "నాకు తెల్వకపాయె బిడ్డా."

మోషే లేచి ఎదురెళ్ళాడు. "లోపటికి రా అవ్వా. మా అవ్వ గూడ గట్లనే పోసేది. నా వణుకు సూసి పానం ఒప్పకనే పోసేది. రోజులు పోతే పోయినయి, ఇయ్యాల మీ ఇద్దరికీ ఒకటో రోజు."

మార్కండేయ వచ్చి తల్లిని చాప మీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చున్నాడు. వణికే అతని చేతిని ఆమె తన ఒళ్ళో పెట్టుకుంది. జ్ఞానమ్మ ఛాయ్ గ్లాసు తెచ్చి ముందు వెంకటవ్వకే ఇచ్చింది. ఆ వాడలో ఎన్నడూ మంచినీళ్ళైనా తాగని మనిషి. గ్లాసు వంక కాసేపు చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని తాగింది.

మర్నాడు పొద్దున శంకరమ్మ బావి దగ్గర ఉండగా మగ్గం మొదలైంది. నాలుగు దెబ్బలు పడి ఆగిపోయింది.

"ఆగు కొడుకా, నేను అతుకుత" అంటోంది వెంకటవ్వ.

మళ్ళీ రెండు దెబ్బలు పడ్డాయి. మళ్ళీ ఆగింది. శంకరమ్మ చేంతాడు పట్టుకుని బావి గట్టు మీదే కూర్చుండిపోయింది. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. మగ్గం అంత బాగా ఆడగా ఆమె ఎప్పుడూ వినలేదు.