గొడుగుల షెడ్డులో ఏడుపు

మా విశాఖలో చేపల రేవు పక్కన గొడుగుల షెడ్డుకి ఎప్పటినించో చెడ్డపేరు. పొద్దుగూకాక, అందులోనూ వాన పడుతుంటే, అటు ఎవరూ వెళ్లేవారు కాదు. నడి స్తంభంలోంచి ఆడమనిషి ఏడుపు వినిపిస్తుందని...

అదేం పాతకాలపు కోట కాదు. నాకు పిల్లలు పుట్టాక కట్టారు. తిరగేసిన గొడుగుల్లా సిమెంటు కప్పులు, ఒక్కో కప్పుకీ ఒకటే స్తంభం. ఊరంతా వచ్చి చూసింది. దాని ప్లాను గీసినాయన పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. మిగతాదైనా మర్చిపోకముందే, సీతాలు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

సీతాలు అందులోనే ఎండుచేపలు అమ్ముతుంది. వాళ్లమ్మ కూర్చున్న చోటే. కొన్నేళ్ల కిందట, ఒక వాన సాయంత్రం, మర్చిపోయిన గంప కోసం వెనక్కి వెళ్లింది. అప్పటికే చీకటి. స్తంభం లోపల — సన్నగా, గొంతు పట్టేసినట్టు — ఏడుపు. అడుగున కన్నంలోంచి నీళ్లు...

మర్నాడు మరిది జగ్గారావుని తీసుకెళ్లింది. కొత్త పడవకి చేసినట్టే స్తంభానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసింది. అతను కన్నంలో సిమెంటు కూరాడు.

"దాని నోరు మూసేసినాను వదినా. ఇంక నీ నోరే మిగిలింది."

నిజంగానే ఏడుపు ఆగింది. అది చూసి, మిగతావాళ్లు అన్ని స్తంభాలకీ అలాగే చేయించారు.

మొన్న ముసురులో, పొద్దుగూకాక, గంపల మీద బరకం కప్పడానికి సీతాలు మళ్లీ వెళ్లింది. ఏడుపు లేదు. స్తంభం మీద చెయ్యి ఆనించింది. తడి...

ఫోను వెలుగులో చూసుకుంది. చెయ్యంతా ఎర్రగా — పసుపు రాసిన చోటే, పగులులోంచి, ధారగా కారుతోంది.

బరకం అక్కడే పడేసి పరుగెత్తింది.

తెల్లారాక సుధారాణి అనే ఇంజనీరమ్మ వచ్చింది. షెడ్డుని కూల్చనివ్వకుండా ఏడాదిగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న మనిషి.

"రక్తం కాదమ్మా, తుప్పు," అంది. "లోపలి ఇనుముది."

"మరి ఆ ఏడుపేటమ్మా?" అంది సీతాలు.

"కప్పు మీద వాన స్తంభంలోని గొట్టంలోంచి దిగే చప్పుడు. నీళ్లు పోయే దారి ఎవరో మూసేస్తే, లోపలే నిలిచి ఇనుముని తినేశాయి."

జగ్గారావు వంగి, తను కూరిన సిమెంటు మీద చెయ్యి పెట్టాడు.

"ఇప్పుడు తీసేత్తే?" అన్నాడు.

ఆవిడ స్తంభాన్ని గోటితో గీరింది. పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. వెనక ఇనుప చువ్వ ఉండాల్సిన చోట, ఎర్రటి పొడి.

"కూల్చమని ఇంక నేనే రాయాలి," అంది.

ఆ సాయంత్రం కూడా వానే. అడ్డంగా కట్టిన తాడు కిందనుంచి సీతాలు ఒక్కతే దూరింది. స్తంభానికి చెవి ఆనించింది.

"నాను బయపడనే... ఒక్కసారి ఏడవ్వే," అంది గుసగుసగా.

పైన గొడుగులో నీళ్లు నిండుతున్నాయి. స్తంభంలో మాత్రం — ఏ చప్పుడూ లేదు.