కంపెనీకి బాపు పేరు

ఆదివారం పొద్దున రామన్న మొయినాబాద్‌లోని తన ఇంటి అరుగు మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. కూతురు మమత వచ్చి పక్కన కూర్చుంది. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఆ పిల్ల కొన్నాళ్లుగా సొంత కంపెనీ గురించే మాట్లాడుతోంది. చిన్న దవాఖానలు రోగుల వివరాలు కంప్యూటర్లో దాచుకునేలా తనూ, తోటి ఉద్యోగి సాయిచంద్ కలిసి ఒక ప్రోగ్రామ్ తయారు చేశారు. ఇక కంపెనీ రిజిస్టర్ చేయించడమే మిగిలింది.

"పేరు దొరికింది బాపు," అంది మమత. "రామన్న సిస్టమ్స్. ఆఫీసు అడ్రసు మన ఇల్లే. ఇంటి ఓనర్‌గా నువ్వొక్క సంతకం పెడితే చాలు."

సంతోషిస్తాడనుకుంది. కానీ రామన్న చాయ పక్కన పెట్టేశాడు. 

"నా పేరు పెట్టకు," అన్నాడు. "సంతకం గూడ పెట్ట."

ఎందుకని మమత అడుగుతుండగానే చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. లోపలినుంచి అంతా విన్న మమత తల్లి సక్కుబాయి, ఆ ముచ్చట ఇడిచిపెట్టమని మాత్రం అంది. తను కొడుకై ఉంటే బాపు అడగకముందే సంతకం పెట్టేవాడు కదా అనుకుని మమత గదిలోకి వెళ్లి ఏడ్చింది.

మధ్యాహ్నం సాయిచంద్ బండి మీద వచ్చాడు. సంగతి విని, అయితే సింగపూర్‌లో రిజిస్టర్ చేద్దామన్నాడు. అక్కడి ఏజెంట్లే అడ్రసు ఇస్తారు, పని ఇక్కడినుంచే చేసుకోవచ్చు, ఇంట్లో ఎవరి సంతకమూ అక్కర్లేదు. పైగా రేపేదైనా తేడా వచ్చినా ఇంటి మీదికి ఎవరూ రారు అన్నాడు. మమత కోపం మీద ఉంది. సరేనంది.

అన్నం వేళ దాటింది. రామన్న రాలేదు. ఫోన్ చేస్తే అది ఇంట్లోనే మోగింది. పొద్దు వాలేసరికి సక్కుబాయి వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూ ఉంది. ఏమైందవ్వా అని మమత గట్టిగా పట్టుకుని అడిగితే, గడప దగ్గర కూలబడి చెప్పింది.

చాలా ఏళ్ల కింద వాళ్లు చేవెళ్లలో ఉండేవాళ్లు. మమత ఒళ్లో పిల్ల. దగ్గరి చుట్టం జనార్దన్ విత్తనాల కంపెనీ పెట్టి, చుట్టుపక్కల రైతులకు రామన్న మీద నమ్మకమని దానికి ఆయన పేరు పెట్టాడు. ఆఫీసు బొంబాయిలో ఉందన్నాడు. ఆ ఏడు విత్తనాలు మొలవలేదు. జనార్దన్ మళ్లీ కనబడలేదు. జనం రామన్న ఇంటిముందు నిలబడి, ఆ పేరు పెట్టి తిట్టారు. బజారులో, బస్సులో, ఎక్కడ చూసినా అదే. చివరికి ఊరు విడిచి వచ్చేశారు.

"అప్పుడు ఒకనాడు చెప్పకుంట నీళ్ల బాయి దిక్కు పోయిండు," అంది సక్కుబాయి. "నేను ఎన్క ఉరికి చెయ్యి పట్టి గుంజుకొచ్చిన."

మమత లేచి వాకిట్లోకి పరుగెత్తింది. సాయిచంద్ బండి తీశాడు. ఇద్దరూ గండిపేట చెరువు అంచు వెంబడి వెతికారు. ఒకచోట నీళ్ల పక్కన తెల్ల పంచె కట్టుకుని ఎవరో వంగి కూర్చున్నారు. మమత బాపూ అని పిలుస్తూ పరుగెత్తింది. దగ్గరికి వెళితే వేరే మనిషి. మమత అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

తిరిగి మొయినాబాద్ చేరుతుంటే చేవెళ్ల నుంచి వచ్చిన బస్సు ఆగింది. అందులోంచి రామన్న దిగాడు. మమత పరుగెత్తి ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"చేవెళ్ల రైతు సాయిలు దగ్గరికి పోయిన బిడ్డా," అన్నాడు రామన్న. "అప్పుడు అందరికంటె ఎక్కువ నష్టపోయింది ఆయననే. నా పేరు మల్ల బోర్డు మీద రాయొచ్చా అని అడిగిన."

"ఏమన్నడు?"

"'జనార్దన్ కోసం బొంబాయి దాక పోయిన. ఆ అడ్రసుల కంపెనీయే లేదు. నువ్వు ఇంటికాడ దొరికినవ్, అందుకే నిన్ను తిట్టిన' అన్నడు. నా చెయ్యి పట్టుకొని ఏడ్సిండు."

సాయిచంద్ తల దించుకున్నాడు. మధ్యాహ్నం తను సరేనన్న సింగపూర్ అడ్రసు మమతకు ఆ క్షణంలో ఒంట్లో ముల్లులా గుచ్చుకుంది.

"పేరు నీ ఇష్టం," అన్నాడు రామన్న. "ఆఫీసు మాత్రం మనం ఉన్నకాడనే ఉండాలె. అడిగెటోళ్లు వస్తే మనం కనబడాలె. సంతకం పెడత."

"నీకు భయం కాదా బాపు?"

"ఐతది. ఇప్పుడు గూడ అయితున్నది."

ఆడపిల్లనని నమ్మలేదేమో అనుకున్నానని మమత వెక్కి వెక్కి ఏడుస్తూ చెప్పింది. రామన్న ఆమె తల నిమిరాడు.

ఇంటికి వచ్చి కాయితాల మీద సంతకం చేశాడు. మరి రిజిస్ట్రార్‌కు ఏ పేరు పంపాలని సాయిచంద్ అడిగాడు.

"మమతా రామన్న సిస్టమ్స్," అంది మమత. తండ్రి వైపు తిరిగింది. "ముందు నా పేరు ఉండాలె బాపు. ఎవలన్న తిట్టాలంటే ముందు నన్ను తిట్టాలె."

సక్కుబాయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. రామన్న ఆ పేరును మెల్లగా, పైకి వినబడేలా, ఒకసారి పలికాడు.