నీరు తీసే మాత్ర

నైట్ డ్యూటీ దిగి, ఆటో ఎక్కి గుణదలలో ఇంటికి చేరేసరికి రాజేశ్వరికి చెప్పులు విప్పే ఓపిక కూడా లేదు. మధ్యాహ్నం మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాలి. గుండె, కిడ్నీ, షుగరు మూడూ కలిసి పీడించే రోగుల్ని ఎలా చూసుకోవాలో కొత్త నర్సులకు నేర్పేది ఆవిడే. ఇంట్లో అత్తగారు చౌడేశ్వరమ్మకూ ఆ మూడూ ఉన్నాయి. మధ్యలో దొరికే నాలుగు గంటలే నిద్ర.

అత్తగారి మంచం దగ్గర హేమ బీపీ చూస్తోంది. రాజేశ్వరి దగ్గరే శిక్షణలో ఉన్న పిల్ల. మేడమీద గదిలో అద్దెకుంటూ, పొద్దున్నే పెద్దావిడకు మందులిచ్చి డ్యూటీకి వెళ్తుంది. రాజేశ్వరి అత్తగారి పాదం నొక్కి చూసింది. వేలు తీసినా సొట్ట అలాగే ఉండిపోయింది.

"ఆయాసం ఎప్పట్నించి?"

"రాత్రి నుంచట మేడమ్. బరువు కూడా రెండు కేజీలు పెరిగారు."

"నీరు తీసే మాత్ర ఇస్తున్నావా?"

"రోజూ ఇస్తున్నాను మేడమ్."

"ఇస్తే కాళ్ళు ఇలా ఎందుకుంటాయి? మింగేదాకా నిలబడి చూడమని ఎన్నిసార్లు చెప్పాను! మామ్మగారికే మందివ్వలేనిదానివి, ఐసీయూలో ఏం చేస్తావు? నీ కాగితం మీద నేను సంతకం పెట్టను."

ఆ సంతకం లేకపోతే ఆర్నెల్ల శిక్షణా దండగే. హేమ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దాన్నేం అనకు" అంది చౌడేశ్వరమ్మ రొప్పుతూ. కొంగు ముడి విప్పింది. అయిదు తెల్ల మాత్రలు. "నాలిక కింద పెట్టుకుని, అది అటు తిరగ్గానే తీసేశాను."

"ఎందుకత్తయ్యా? ప్రాణం మీదికి తెచ్చుకోడానికా?"

"అది వేసుకుంటే మధ్యాహ్నంలోపు ఆరుసార్లు బాత్రూముకి లేవాలి, పట్టుకోడానికి ప్రతిసారీ నిన్ను లేపాలి. నువ్వప్పుడే కదా నడుం వాల్చేది! పెడనలో నలభయ్యేళ్ళు మగ్గం గుంటలో కూర్చున్నా. మాటిమాటికీ పైకి లేవాల్సొస్తుందని మంచినీళ్ళే మానేసేవాళ్ళం. ఇదీ అంతేగా అనుకున్నా."

రాజేశ్వరి మంచం పక్కనే కూలబడింది. మాత్ర మింగారో లేదో చూడమని ఎంతమందికో నేర్పింది. మింగకపోతే ఎందుకో అడగమని ఒక్కరికీ చెప్పలేదు. తనూ అడగలేదు. సిగ్గూ, అలసటా కలిసి ఏడుపు వచ్చేసింది.

"తప్పు నాదే హేమా. సంతకం పెడతాను, ఏడవకు" అని, డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన చెప్పిన మాత్ర తన చేత్తోనే వేసింది. "మొహమాటపడకుండా లేపండత్తయ్యా. మీరు లేపకపోతేనే నాకు భయం."

హేమ డ్యూటీకి వెళ్ళింది. కాసేపటికి, రాజేశ్వరి కళ్ళు మూతలు పడుతుండగా పక్క గదిలోంచి పిలుపు వినిపించింది.

"అమ్మాయ్, ఒకసారి వస్తావా?"

ఒళ్ళంతా నొప్పులే. అయినా ఆవిడ అంత ఇష్టంగా ఎప్పుడూ లేవలేదు.