ఆకలి మీటర్

“మీ అడవిలో తిండి దొరకదా? లేక మీరే దాచేశారా?”

ఆమె అతనితో ఆడిన మొదటి మాట ఇదే. అప్పటికి ఆమె మూడోసారి చచ్చిపోయింది. కంప్యూటర్ తెర మీదే లెండి.

ఆమె ఒక పత్రికలో వీడియో గేములకు సమీక్షలు రాస్తుంది. పదికి ఆరు మార్కులు దాటడం అరుదు కాబట్టి గేములు చేసేవాళ్ళంతా చాటున ‘మార్కుల మేడమ్’ అంటారు. అతను, వాళ్ళక్క కలిసి సైకిల్ షాపు పైగదిలో మూడేళ్ళు కూర్చుని ఒక గేము చేశారు. అందులో మనిషి ఒంటరిగా అడవిలో కళ్ళు తెరుస్తాడు. చెట్లు కొట్టి, రాళ్ళు ఏరి, పనిముట్లు చేసుకుని, ఇల్లు కట్టుకుని, ఆకలికి చావకుండా బతకాలి. గేములో ఇళ్ళు కట్టే పనంతా తమ్ముడిదే కాబట్టి అక్క అతన్ని మేస్త్రి అంటుంది. విడుదలకు పది రోజులుంది. సమీక్ష రాయడానికి ఆమె ఆ పైగదికే వచ్చి ఆడుతోంది. ఈమె నాలుగు మంచి మాటలు రాస్తే జనం ఆడతారు. లేకపోతే మూడేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

“తిండి ఉందండీ. వెతుక్కోవాలి,” అన్నాడు మేస్త్రి.

“వెతికేలోపే ప్రాణం పోతోంది. రెండు నిమిషాలకోసారి ఆకలా? వీడి కడుపులో ఉన్నది పేగులా, కొలిమా?”

పక్క టేబుల్ దగ్గర అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఒక్క గోడకి నలభై చెట్లు కొట్టాలా?”

“కష్టపడితేనే కదండీ ఇంటి మీద మమకారం పుట్టేది!”

“పదిహేను చెట్ల దాకా మమకారమే. ఆ తర్వాత వెట్టిచాకిరీ.”

అతనికి ఒళ్ళు మండింది. సరిగ్గా అప్పుడే గేములో వాన మొదలైంది. ఆమె పరుగెత్తి తను కట్టిన గడ్డి కప్పు కింద దూరింది. వాన చప్పుడు మెత్తబడింది. పక్కనున్న రేకు కిందికి జరిగితే అదే వాన టపటపలాడింది. కీబోర్డు మీద ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

“ఈ చప్పుడు ఎవరు చేశారు?”

“నేనే. రికార్డర్ పట్టుకుని నాలుగు వానలు తడిశానండీ.”

“ఎక్కడికైనా పోవచ్చు, ఏదైనా కట్టొచ్చు, తొందరపెట్టేవాళ్ళు లేరు. నా కప్పు కింద నేను కూర్చున్నట్టుంది. ఇది బాగుంది,” అని ఆమె నవ్వింది.

అతని ఒళ్ళు మంట చల్లారింది. చల్లారడమేమిటి, మనిషే కరిగిపోయాడు.

రెండో రోజు ఆమె గేములోని సంచీ మీద పడింది. “పన్నెండు వస్తువులకే నిండిపోతుందేంటండీ? రాయి పెట్టుకుంటే పండు పారెయ్యాలి, పండు పెట్టుకుంటే గొడ్డలి పారెయ్యాలి!” తర్వాత అడిగింది, “ఇల్లు పూర్తయ్యాక ఏం చెయ్యాలి?”

“ఇంకో ఇల్లు కట్టొచ్చు.”

“ఎవరికోసం?”

 మూడేళ్ళలో ఆ ప్రశ్న మేస్త్రికి తట్టనే లేదు.

సాయంత్రానికి ఆమె తొమ్మిదోసారి ఆకలికి చచ్చిపోయింది. ఈసారి ఏమీ అనలేదు. కళ్ళు నులుముకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. అది చూసి అతని మనసు ఊరుకోలేదు. ఆమె వెళ్ళగానే, ఆమె ఆడే కంప్యూటర్‌లో మాత్రం ఆకలి మీటర్ వేగాన్ని సగానికి తగ్గించేశాడు. అక్కకి కూడా చెప్పలేదు.

మూడో రోజు అరగంట ఆడి ఆమె లేచి నిలబడింది.

“నిన్నటికీ ఇవాళ్టికీ ఆకలిలో తేడా ఉంది. మార్చారా?”

“అదీ... కొంచెం...”

“అందరికా, నా ఒక్కదానికా?”

అతను మౌస్ వైరు సర్దసాగాడు.

“నా చేతిలో మార్కులున్నాయని నాకు వేరే వడ్డనా? కొనుక్కున్నవాళ్ళు ఒక ఆట ఆడతారు, నేను ఇంకో ఆట ఆడి మార్కులు వెయ్యాలా? ఇది కూడా రాస్తాను.” ఆమె బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోయింది.

విషయం విని అక్క తల పట్టుకుంది. “మనల్ని మోసగాళ్ళంటారు రా! ఇందులో నా మూడేళ్ళు కూడా ఉన్నాయి. వెళ్ళి నిజం చెప్పిరా.”

దారిలో నిజం వానే పట్టుకుంది. పత్రికాఫీసులో ఆమె టేబుల్ ముందు నిలబడేసరికి అతను నిలువునా తడిసిపోయాడు.

“రాయండి. కానీ చేసింది నేనొక్కణ్ణే. అక్కకి తెలియదని కూడా రాయండి.”

“మార్కుల కోసమేగా?”

“మార్కుల కోసమైతే సమీక్ష రాసేవాళ్ళందరికీ తగ్గించేవాణ్ణి. మీరు తొమ్మిదోసారి చచ్చిపోయి కూడా మళ్ళీ మొదలుపెట్టారు. చూడలేకపోయాను. మీరంటే నాకిష్టం. అయినా చేసింది తప్పే.”

ఆమె పెన్ను మూత బిగించింది.

“మరి మిగతావాళ్ళు ఆకలికి చస్తే చూడగలరా?”

ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది.

“వెళ్ళండి. నేను రాసుకోవాలి.”

మేస్త్రి తిరిగి వచ్చీ రాగానే అక్కా తమ్ముడూ పనిలో పడ్డారు. ఆకలిని అందరికీ సగం చేశారు. నలభై చెట్లు పదిహేనయ్యాయి. సంచీ పెద్దదైంది. మార్చినవన్నీ దాపరికం లేకుండా రాసి ఆమెకు పంపారు. జవాబు రాలేదు. వారం రోజులు మేస్త్రికి గేములో ఆకలి తప్ప సొంత ఆకలి గుర్తులేదు.

విడుదల రోజు పొద్దున సమీక్ష వచ్చింది. అక్క పైకి చదివింది.

“‘ఈ అడవిలో దారి తప్పడం హాయిగా ఉంటుంది. వాన విని తీరాలి. ఆకలి ప్రాణం తీసేది. చేసినతను నా ఒక్కదానికి రహస్యంగా తగ్గించాడు, అది తప్పు. తనే వచ్చి ఒప్పుకున్నాడు, తర్వాత అందరికీ తగ్గించాడు. ఇల్లు పూర్తయ్యాక ఏం చెయ్యాలో గేముకు ఇంకా తెలియదు, అది పెద్ద లోటే. అయినా ఆడండి.’”

“మార్కులెన్ని?”

“వెయ్యలేదు.”

“అంటే ఫెయిలా?” అతని మొహం వాడిపోయింది.

“ఆగరా మొద్దూ, ఇంకా ఉంది!” అక్క తెరను అతనివైపు తిప్పింది.

‘ఈ గేముకు మార్కులు మా పత్రికలో మరొకరు వేస్తారు. నాకు ఆ అర్హత లేదు. చేసినతని మీద నాకు పక్షపాతం ఉంది.’

అతను మూడుసార్లు చదివాడు. మూడోసారికి అక్షరాలు మసకబారాయి.

“ఇంకా కూర్చున్నావేంరా? ఇంట్లోవాళ్ళకి నేను చెప్పుకుంటాను, నువ్వు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళు!” అంది అక్క.

మేస్త్రి చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగేశాడు.