పావురాల బురుజులో పిలుపు

మా ఆష్‌కూంబ్‌లో అప్పట్లో చర్చికి రానివాళ్ళుండేవారు గానీ, కొండ మీది పావురాల బురుజుకి భయపడనివాళ్ళు ఉండేవారు కాదు. ఒకప్పుడు మఠం వంటింటి కోసం పావురం పిల్లల్ని పెంచిన రాతి బురుజు అది. కప్పు ఎప్పుడో కూలిపోయింది. గోడల నిండా గూళ్ళే. చీకటి పడితే లోపలున్నది మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందట... పలికితే ఇక అంతేనట. పబ్బులో కూర్చుని దెయ్యాల్లేవని బల్లగుద్ది చెప్పే మొనగాళ్ళు కూడా సాయంత్రమయ్యేసరికి చుట్టుదారి పట్టేవారు.

ఇది మా నాయనమ్మ మార్తా చెప్పిన సంగతి. ఎన్నిసార్లు బతిమాలినా ఒక్కసారే చెప్పింది.

యుద్ధం ముగిశాక రెండో చలికాలం. మంచు కిటికీల దాకా పేరుకుంది. పక్కింట్లో రాళ్ళు చెక్కే సైలస్ న్యుమోనియాతో మంచాన పడ్డాడు. ఈ రాత్రి గడవదని డాక్టరు చెప్పేశాడు.

సైలస్‌కి ఒకటే ధ్యాస — కూతురు హెస్టర్. సంతల్లో గుర్రాలమ్మేవాణ్ణి పెళ్ళాడిందని, తొమ్మిదేళ్ళ కిందట, "మళ్ళీ ఈ గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా" అని వెళ్ళగొట్టాడు. ఆ మాట వెనక్కి తీసుకుని గానీ పోకూడదని ఇప్పుడు ఆరాటం. టెలిగ్రాం ఇచ్చారు. బయల్దేరానని జవాబు వచ్చింది. రైలే రాలేదు.

అతని భార్య విన్నీ పరుగున వచ్చి నాయనమ్మ చేతులు పట్టుకుంది.

"ఒక్క రాత్రి మార్తా... ఒక్క రాత్రి ఆయన్ని నిలబెట్టే దారి చెప్పు."

"పావురం ఈకల దిండు మీద ప్రాణం పోదంటారు. దిండు లాగేదాకా పోదు." నాయనమ్మ గొంతు తగ్గించింది. "మన దిండ్లన్నీ బాతు ఈకలాయె. పావురాలున్నది..."

ఎక్కడున్నాయో ఇద్దరికీ తెలుసు.

"వెళ్తాను."

"వెళ్ళు. ఏం వినిపించినా పలక్కు. వెనక్కి చూడకు."

ఐదింటికే చిమ్మచీకటి. విన్నీ మోకాళ్ళ లోతు మంచులో కొండెక్కింది. బురుజు గుమ్మంలో లాంతరు ముఖం దాకా ఎత్తేసరికి గాలికి ఆరిపోయింది. దాన్ని కింద పడేసి, తడుముకుంటూ గూళ్ళలో చేతులు పెట్టి, దొరికిన ఈకల్ని దొరికినట్టు, వెంట తెచ్చిన పిండిసంచిలో కుక్కింది. సంచి సగం నిండింది. అప్పుడు —

"అమ్మా..."

పిలుపు అవతలి గోడ దగ్గర్నుంచి, నేల మీద నుంచి వచ్చింది.

"అమ్మా... నేనే..."

హెస్టర్ గొంతు. అచ్చంగా హెస్టరే. తొమ్మిదేళ్ళుగా వినని గొంతు! పలకాలని ప్రాణం కొట్టుకుపోయింది విన్నీకి. కానీ పలికితే — ఈకలు ఆయనకెవరు తీసుకెళ్తారు? రక్తం వచ్చేలా పెదవి కొరుక్కుంది. సంచిని గుండెకి హత్తుకుని పరుగెత్తింది.

"అమ్మా... కాలు..." అని వెనక నుంచి ఇంకోసారి వినిపించింది. తరవాత గాలి హోరు తప్ప ఏమీ లేదు.

దిండు పెట్టారు. తెల్లారింది. సైలస్ పోలేదు. డాక్టరు నోరెళ్ళబెట్టాడు. కళ్ళు తెరిచినప్పుడల్లా సైలస్ అడిగేది ఒక్కటే.

"వచ్చిందా?"

మధ్యాహ్నం స్టేషన్ కూలీ తలుపు తట్టాడు.

"రైలు నిన్న పగలే కొండ అవతల మంచులో కూరుకుపోయిందమ్మా. అందరూ అక్కడి స్టేషన్లోనే ఉండిపోయారు. మీ అమ్మాయే ఆగనంది. నాన్న దక్కడేమో, నడిచే వస్తానని బయల్దేరింది... ఇంకా చేరలేదా?"

విన్నీ శాలువా కూడా కప్పుకోకుండా కొండెక్కింది. వెనకాలే మా నాయనమ్మ.

హెస్టర్ అవతలి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒక కాలు విరిగి కింద మడతపడింది. కప్పులేని బురుజులోంచి పడిన మంచు జుట్టు నిండా ఉంది. విన్నీ వదిలేసి పారిపోయిన లాంతరు ఆమె ఒళ్ళో ఉంది. పాకి వెళ్ళి తెచ్చుకుని ఉంటుంది. ఒళ్ళు రాయిలా బిగుసుకుపోయింది.

విన్నీ ఎలా దిగిందో ఆమెకే తెలియదు. నేరుగా మంచం దగ్గరికి వెళ్ళింది.

"వచ్చిందా?"

"వచ్చింది. నీ మీద కోపం లేదట." అతని నుదురు నిమిరింది. "నీకంటే ముందే చేరుకుంది సైలస్. ఎదురుచూస్తోంది... వెళ్ళు."

రెండు చేతులతో దిండు లాగేసింది.

ఈకల మాట చెప్పిందీ నేనే, పలకొద్దన్నదీ నేనే అని నాయనమ్మ చచ్చేదాకా ఏడ్చింది. అందుకే ఇప్పుడు మా ఊళ్ళో ఎవరూ బురుజు దగ్గర పరుగెత్తరు. ఏ చప్పుడు వినిపించినా ఆగి, "ఎవరమ్మా? వస్తున్నా" అని పలుకుతాం. చాలాసార్లు గుడ్లగూబే అయ్యుంటుంది.

పోయిన డిసెంబరులో మంచు పడుతుండగా నాకూ వినిపించింది. "అమ్మా..." అని. "వస్తున్నా తల్లీ!" అని టార్చి పట్టుకుని లోపలికెళ్ళాను. ఎవరూ లేరు. నేలంతా తెల్లగా మంచు పరుచుకుని ఉంది... అవతలి గోడ పక్కన మాత్రం, ఒక మనిషి కూర్చునేంత చోటు, పొడిగా ఉంది.